పుర్రచేతి సుబ్బరాయుడు

సోమవారం పొద్దున్న చార్జ్‌మేన్ గణపతిరావు కాగితం పట్టుకుని రైల్వే కార్ఖానా కమ్మరి షాపులోకి వచ్చేసరికి అప్పలస్వామి కొలిమిలో రైలు పెట్టెల్ని కలిపే కప్లింగు కొక్కెం ఎరుపు దాటి పసుపుకి తిరిగింది. అలాంటప్పుడు ఎవరొచ్చినా పని ఆగదు. కాలిన ఇనుముకి చార్జ్‌మేనైనా ఒకటే, చాయ్ తెచ్చేవాడైనా ఒకటే. అప్పలస్వామి పట్టకారుతో కొక్కేన్ని లాగి దాగలి మీద పెట్టాడు. ఎదురుగా తీతు, జగ్గారావు సమ్మెటలెత్తారు.

తీతుది కుడిచేతి వాటం, జగ్గారావుది పుర్రచేతి వాటం. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే సమ్మెటలు చెరో బయటివైపు నుంచీ తిరిగొచ్చి మధ్యలో పడతాయి. ఒకదానికొకటి తగలవు, ఒకరి మోచెయ్యి ఇంకొకరికి అడ్డం రాదు. షాపు మొత్తం మీద ఇంత కుదిరిన జత ఇంకోటి లేదు. బరువైన పని ఏదొచ్చినా 'అప్పలస్వామి కొలిమికి పంపండి' అనడం ఫోర్‌మేన్ విల్‌ఫ్రెడ్ దొరకి అలవాటైపోయింది.

కొక్కెం నల్లబడి మళ్ళీ కొలిమిలోకి వెళ్ళాక గణపతిరావు గొంతు సవరించుకున్నాడు. నెలాఖరుకి అప్పలస్వామి రిటైరవుతున్నాడు. ఆ కొలిమికి కొత్త కమ్మరి కావాలి. పరీక్షకి పంపే పేర్లు శనివారం మధ్యాహ్నంలోగా పై ఆఫీసుకి వెళ్ళాలి.

"తీతూ, నీ పేరు రాసినాను. వచ్చే బుధవారం టెస్టు."

తీతు సంతోషపడబోయి జగ్గారావు వైపు చూసి ఆగిపోయాడు. అతను షాపులో చేరి ఆరేళ్ళు. జగ్గారావు చేరి పదకొండేళ్ళు.

"నా పేరో బాబూ?" అన్నాడు జగ్గారావు.

"నీకెందుకురా? నీది పుర్రసెయ్యి కదా."

"సమ్మెటకి పనికొచ్చిన సెయ్యి సుత్తికి పనికిరాదేటి బాబూ?"

పక్క కొలిమిలవాళ్ళు కూడా పని ఆపి చూశారు. గణపతిరావు చెడ్డవాడు కాదు. ఎవరి పొట్టా కొట్టలేదు, ఎవరి మీదా పైకి చాడీలు మోయలేదు. కాకపోతే ఉన్న పద్ధతి ఉన్నట్టే ఉండాలనే మనిషి. అలాంటివాళ్ళు చేసే అన్యాయం చెడ్డవాళ్ళు చేసేదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. దాన్ని అన్యాయమని ఎవరూ అనరు మరి.

"సమ్మెటంటే బలం. సుత్తంటే విద్య. పుర్రసేత్తో విద్య నేర్సి పెద్దోడైనోణ్ణి ఒక్కణ్ణి సూపించరా నాకు. ఒక్కణ్ణి."

జగ్గారావు ఆలోచించలేదు. "సుబ్బరాయుడు," అన్నాడు.

"ఏ సుబ్బరాయుడు?"

"ఏడుగదుల మేడ సుబ్బరాయుడు బాబూ. మరింకెవుడు? కత్తి తిప్పడం విద్య కాదేటి?"

షాపులో నవ్వులు లేచాయి గాని అవి వెక్కిరింత నవ్వులు కావు. 'ఏడుగదుల మేడ' సినిమా అంటే ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకి అంత ఇష్టం. జమీందారుల కాలం కథ. పాడుబడ్డ మేడలో రోజుకొక గది చొప్పున ఏడు రాత్రులు పడుకుంటానని పందెం కట్టి వెళతాడు ఒక కత్తిసాము కుర్రాడు. ఆరు గదుల్లో గజ్జెల చప్పుడు, తనంతట తాను ఊగే ఉయ్యాల, ఆరిపోయే దీపాలు. ఏడో గదిలో తెల్లచీర దెయ్యం. ఒక చేత్తో లాంతరు, ఒక చేత్తో కత్తి పట్టుకుని సుబ్బరాయుడు 'దెయ్యానివైతే దారియ్యి, మనిషివైతే మాటియ్యి!' అంటాడు. దెయ్యం చివరికి దివానుగారని తేలుతుంది. ఏడో గదిలో ఆ మాట అన్నందుకే సుబ్బరాయుడు మూడేళ్ళుగా కార్ఖానాలో అందరికీ చుట్టం. పై ఆఫీసు నుంచి ఎవరు దిగినా వెనకనుంచి ఎవడో ఒకడు 'దెయ్యానివైతే దారియ్యి' అని గొణుగుతాడు.

ఆ వేషం వేసిన నటుడు, అతనికీ ఊళ్ళో సుబ్బరాయుడనే పేరు, ఈ శుక్రవారం ఊరికి వస్తున్నాడు. తెలుగు సంఘం గ్రంథాలయానికి శంకుస్థాపన చెయ్యాలని గోల్‌బజార్ కిరాణా కొట్టు నగరేశ్వరరావు మద్రాసు వెళ్ళి మరీ పిలిచాడు. ఊరక రారు మహానుభావులు. రాకపోకలకి ఫస్టుక్లాసు, పట్టుశాలువా ఒప్పుకున్నాకే వస్తానన్నాడని వినికిడి. శుక్రవారం సాయంత్రం మైదానంలో ఆయన ఎదుటే సినిమా. మర్నాడు కార్ఖానా చూపించడం.

"సుబ్బరాయుడిది పుర్రసెయ్యా?" అన్నాడు గణపతిరావు. ఆయన ఆ సినిమా విశాఖపట్నంలో చూశాడు. రెండో గదిలోనే చిన్నమ్మాయి కెవ్వుమంటే మిగతా ఐదు గదులూ హాలు బయట శెనక్కాయలు కొనిపెడుతూ గడిపాడు.

"మూడుసార్లు సూసినాను బాబూ. కత్తి పుర్రసెయ్యి, కలం పుర్రసెయ్యి. దీపం ఎలిగించింది కూడా పుర్రసేత్తోనే."

"సరే. శనివారం ఆయన ఇక్కడికే వస్తాడు. ఆయనది పుర్రసెయ్యయితే నీ పేరు నా సేత్తో రాస్తాను. కాదనుకో, మళ్ళీ ఈ మాట ఎత్తకూడదు. ఠీక్ హై?"

"ఠీక్ హై బాబూ."

అప్పలస్వామి ఈ సంభాషణ మొత్తం మీద ఒక్క మాట మాట్లాడలేదు. కొలిమిలో బొగ్గు ఎగదోస్తూ కూర్చున్నాడు.

ఝపటాపూర్‌లో జగ్గారావుండే వరసలో ఆ సాయంత్రానికల్లా కబురు పాకింది. భార్య సింహాచలమ్మ బియ్యం కడుగుతూ విని చేతులు అలాగే పెట్టి కూర్చుంది.

"నిజంగానే రాస్తానన్నాడేటి మావా?"

"అందరి ఎదరా అన్నాడు."

"అయితే అయిపోనాదే! సుబ్బరాయుడిది పుర్రసెయ్యి కాకపోతే మరెవుడిది? మనం సూణ్ణేదేటి?"

ఆమె చూసింది. వరసలో అందరూ చూశారు. ఎక్కడ నుంచి చూశారన్నదే సంగతి. మైదానంలో సినిమా వేసినప్పుడల్లా తెర మధ్యలో కడతారు. ముందు వైపు అధికారులకి కుర్చీలు, గుమాస్తాలకి బెంచీలు, కొట్ల వాళ్ళకి జంబుఖానాలు. ఖలాసీల కుటుంబాలు తెర వెనక. రాసిపెట్టిన నియమం ఏమీ లేదు, ఎవరూ తరమలేదు. తాతల నాటి నుంచీ చాప తీసుకుని నేరుగా వెనక్కి వెళ్ళి కూర్చోవడమే. బొమ్మ ఇటూ పడుతుంది, అటూ పడుతుంది, ఇంకేం కావాలి? పేర్లు వచ్చినప్పుడు అక్షరాలు ఏదో వంకరగా ఉంటాయి గాని, చదివేవాళ్ళు ఆ వైపు తక్కువ. వాటిని అందరూ సినిమా అక్షరాలు అనుకునేవారు.

జగ్గారావుకి మొదటిసారి ఆ సినిమా చూసినప్పుడు కలిగిన సంబరం చెప్పుకుంటే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. అతను అన్నం కుడిచేత్తోనే తింటాడు; అది తల్లి అట్లకాడతో కొట్టి నేర్పింది. దణ్ణం, హారతి, ఇచ్చిపుచ్చుకోవడం అన్నీ కుడిచేత్తోనే. మిగిలిన బలమంతా ఎడమచేతిలో ఉండి, దాన్ని నలుగురిలో వెనక దాచుకోవడం అలవాటైంది. అలాంటిది అంత పొడుగు తెర మీద, అంత అందగాడు, సిగ్గూ ఎగ్గూ లేకుండా ఎడమచేత్తో కత్తి దూశాడు. దెయ్యం ఏమైందో, కథానాయిక ఎవరో జగ్గారావుకి పట్టలేదు. మూడుసార్లూ ఆ చెయ్యొక్కటే చూశాడు. పక్కన ఇంకెవరు ఏ చేత్తో ఏం చేశారో అడిగితే చెప్పలేడు.

మంగళవారం, బుధవారం షాపులో రెండు పార్టీలు. ముందు వైపు కూర్చునే గుమాస్తాలని అడిగితే ఎవరికీ గట్టిగా తెలియదు. కుడిచేతివాళ్ళకి కత్తి కనిపిస్తుంది గాని కత్తి పట్టిన చెయ్యి కనిపించదు. తెర వెనకవాళ్ళు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డారు. "మా సుబ్బరాయుడు పుర్రసెయ్యోడే." ఆ 'మా' అనడంలో ఒక గొప్ప ఉంది. గుమాస్తాలకి తెలియని సంగతి తమకి తెలుసని. పంపు దగ్గర ఎలీసమ్మ అనే ముసలామె, ఎడమచేత్తో చెంబు అందుకున్న మనవరాలిని కొట్టబోయి, "పోన్లే, సుబ్బరాయుడివి!" అని వదిలేసిందట. అది విని జగ్గారావు రెండు రోజులు చెయ్యి వెనక పెట్టుకోకుండా నడిచాడు.

గురువారం మధ్యాహ్నం నగరేశ్వరరావు మనిషి వచ్చాడు. క్రితంసారి గాలికి తెర ఎగిరిందట, గుంజలకి గట్టి ఇనప మేకులూ కొక్కేలూ కావాలి. అప్పలస్వామికి ఒంట్లో నలతగా ఉంది, బెంచీ మీద వెనక్కి వాలాడు.

"నువ్వే సేసీరా. ఎవుడూ సూడ్డు."

ఎవరూ చూడనప్పుడు జగ్గారావు సుత్తి పడతాడని షాపులో తెలియనివాళ్ళు లేరు. మిస్త్రీ అప్పలస్వామికి జ్వరమొచ్చిన రోజుల్లో, మధ్యాహ్నం కునుకు తీసే వేళల్లో ఆ కొలిమి నుంచి వెళ్ళిన పని సగం అతనిదే. పని మీద పడే ముద్ర మాత్రం అప్పలస్వామిది. ఎనిమిది మేకులు, పన్నెండు కొక్కేలు గంటన్నరలో అయ్యాయి. ఒంపు ఒక్కటే, మొన ఒక్కటే, పన్నెండూ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి. అవి చూసి నగరేశ్వరరావు మనిషి ముచ్చటపడి రెండు టిక్కెట్లు చేతిలో పెట్టాడు.

"ముందు వేపు జంబుఖానా. నువ్వూ మీ ఆవిడా రండి. తెర నీ కొక్కేల మీదే కదా నిలబడేది!"

శుక్రవారం సింహాచలమ్మ పెళ్ళినాటి ఆకుపచ్చ చీర కట్టుకుంది. మైదానానికి వెళ్ళాక అలవాటు కొద్దీ కాళ్ళు వెనక్కే లాగాయి. జగ్గారావు భుజం పట్టి ముందుకి తిప్పాడు. తెర వెనకవాళ్ళు తెర అంచు నుంచి తొంగి చూసి చేతులూపారు. "సిమ్మాచలం దొరసానైపోనాదర్రా!" అని ఎవరో అరిచారు. ఆమె సిగ్గుపడుతూనే కొంగు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

సుబ్బరాయుడు రాలేదు. మద్రాసు మెయిలు ఆరుగంటలు లేటని, తెల్లవారి కార్ఖానాకి తప్పకుండా వస్తారని నగరేశ్వరరావు మైకులో చెప్పి, జనం గోల పెట్టకముందే సినిమా మొదలుపెట్టించాడు.

పేర్లు పడ్డాయి. రాత్రిబడిలో నేర్చుకున్న రెండు ముక్కలూ కూడబలుక్కుంటే జగ్గారావుకి 'ఏడు' అనే మాట చదవడానికి వచ్చింది. ఇన్నాళ్ళూ రానిది ఈవేళ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయాడు, అంతే. మేడ కనిపించింది. గేటు కిర్రుమంది. అందరికీ గుండె ఝల్లుమనే చోట అతను ముందుకి వంగి కూర్చున్నాడు, కత్తి దూసే ఘట్టం వస్తోందని.

సుబ్బరాయుడు కత్తి దూశాడు. కుడిచేత్తో.

సింహాచలమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. "మావా, ఈడేటి కత్తి అటు పట్టుకున్నాడు?"

జగ్గారావు ఇంకా ముందుకి వంగాడు. కలం వచ్చింది: కుడిచెయ్యి. అగ్గిపుల్ల గీశాడు: కుడిచెయ్యి. రీలు మార్చడానికి ఆపినప్పుడు అతను లేచి తిన్నగా మెషీను దగ్గరికి వెళ్ళాడు.

"రీలు తిరగేసి ఎట్టినారేటి బాబూ?"

ఆపరేటరు ఎగాదిగా చూశాడు. "తిరగేస్తే అక్షరాలు చదవడానికి వస్తాయా? సరిగ్గానే ఉంది."

"మూడుసార్లు సూసినాను. అతను కత్తి ఇటు పడతాడు."

"నువ్వెక్కడ కూర్చుని చూశావ్?" అని అడిగి, జవాబు అక్కర్లేకుండానే ఆపరేటరు నవ్వాడు. "వెనకనా? వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. పో, కూర్చో."

దీపాలు ఆరాయి. జగ్గారావు కూర్చోలేదు. మైదానం అంచు పట్టుకుని నడిచి తెర పక్కకి, తాను చేసిన మేకు దిగిన గుంజ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఒక అడుగు ఇటు వేశాడు. సుబ్బరాయుడి కుడిచేతిలో కత్తి. ఒక అడుగు అటు వేశాడు. అదే సుబ్బరాయుడు, అదే లాంతరు, కత్తి ఎడమచేతిలో. మళ్ళీ ఇటు. మళ్ళీ అటు. తెర వెనక చాపల మీద ఎలీసమ్మ, పక్కింటివాళ్ళు, తమ సుబ్బరాయుడిని చూస్తూ నోళ్ళు తెరుచుకుని కూర్చున్నారు. "కూకో జగ్గన్నా, సోటుంది," అని ఎవరో జరిగారు. జగ్గారావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడేళ్ళు తనతో తిరిగిన మనిషి చచ్చిపోయినట్టే అనిపించింది. వాళ్ళకి చెప్పాలని నోరు తెరిచి, చెప్పలేక ముందు వైపుకి వచ్చేశాడు.

ఇంటికి నడిచే దారిలో సింహాచలమ్మే మొదలుపెట్టింది. "ఇప్పుడేటవుతాది?"

"ఏటవుతాది? రేపు ఆయన వొస్తాడు, ఏదో ఒకటి కుడిసేత్తో అందుకుంటాడు. అయిపోయినట్టే."

"ఆయన సెయ్యెలాగున్నా నీ సెయ్యి నీకాడే ఉంది కదేటి," అంది ఆమె కోపంగా. "నిన్న ఆ కొక్కేలు సేసింది సుబ్బరాయుడేటి?"

ఆ మాట జగ్గారావుతో పాటే ఇంట్లోకి వచ్చింది. పొద్దున్న లేచేసరికి కూడా అక్కడే ఉంది.

శనివారం పదింటికి విల్‌ఫ్రెడ్ దొర, నగరేశ్వరరావు, వెనక పదిమంది గుమాస్తాలూ కలిసి సుబ్బరాయుడిని షాపులోకి తీసుకొచ్చారు. తెర మీద కంటే పొట్టిగా ఉన్నాడు. జుట్టు పల్చబడింది. తెల్ల లాల్చీ, మెడలో నగరేశ్వరరావు కప్పిన పట్టుశాలువా. శాలువా కింద కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టు కట్టి, గుడ్డలో వేలాడుతోంది. కొత్త సినిమాలో కత్తియుద్ధం చేస్తుంటే రెండు వేళ్ళు విరిగాయట. నగరేశ్వరరావు ఆ సంగతి సగం దూరం నుంచే అందరికీ చెబుతూ వస్తున్నాడు గాని, ఆవిరి సుత్తుల మోతలో ఎవరికీ వినబడలేదు.

విజిటర్ల పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టారు. సుబ్బరాయుడు ఎడమచేత్తో కలం అందుకున్నాడు. నాలిక పళ్ళ మధ్య పెట్టుకుని, మెల్లగా, పేరు రాశాడు.

శాలువా మాటున ఉన్న కట్టు గమనించని గణపతిరావు మొహం అది చూసి విప్పారింది. ఓడిపోయినందుకు కాదు, మాట నిలబెట్టుకునే అవకాశం అంటే ఆయనకి ఇష్టం.

"ఒరే జగ్గా! గెలిసినావురా! మాటంటే మాటే," అని జేబులోంచి పేర్ల కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఆవిరి సుత్తులు అప్పుడే ఆగాయి. షాపంతా ఆయన గొంతు వినబడింది. తీతు ఎగిరి గంతేశాడు.

జగ్గారావు ఆ కట్టు చూశాడు. నోరు మూసుకుంటే చాలు. అబద్ధం ఆడక్కర్లేదు కూడా. కలం కాగితానికి ఆనింది. ఆ ఒక్క క్షణంలో అతనికి తట్టింది ఒకటే: ఈ పేరు ఆయన చెయ్యి చూపించి రాయించుకుంటే ఆయన కట్టు విప్పిన రోజున చెరిగిపోతుంది.

"రాయకండి బాబూ," అన్నాడు.

"ఏటి?"

"ఆయనది కుడిసెయ్యే. దెబ్బ తగిలి ఇలాగ రాసినారు. సినిమాలో కూడా కుడిసెయ్యే. నాను మూడుసార్లూ తెర ఎనకనుంచి సూసినాను. నిన్న ఎదరనుంచి సూసినాను."

గుమాస్తాలకి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక నవ్వు మొదలైంది. నగరేశ్వరరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "వెనకనుంచి చూసి హీరోని ఎడమచేతివాణ్ణి చేశార్రా!" షాపులో ఖలాసీలు తలలు దించుకున్నారు. జగ్గారావు దించలేదు.

సుబ్బరాయుడు కూడా నవ్వలేదు. "ఏమిటీ సంగతి?" అని అడిగి, పందెం, పేర్ల కాగితం అన్నీ విన్నాడు. తర్వాత జగ్గారావు దగ్గరికి వచ్చాడు.

"ఏ ఊరు వెళ్ళినా అందరూ నన్ను దెయ్యం గురించే అడుగుతారు. నా చెయ్యి చూసినవాడివి నువ్వొక్కడివే. ఈ పదిరోజులుగా ఎడమచేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోలేక చస్తున్నానయ్యా. ఆ చేత్తో సమ్మెట ఎలా ఎత్తుతావో చూపించు, చూస్తాను."

"సమ్మెట రోజూ అందరూ సూస్తన్నారు బాబూ," అన్నాడు జగ్గారావు. అతను సుబ్బరాయుడి వైపు చూడటం లేదు, విల్‌ఫ్రెడ్ దొర వైపు చూస్తున్నాడు. "నాకు సుత్తి ఇప్పించండి."

నవ్వులు ఆగిపోయాయి. "ఒరే, పెద్దోళ్ళ ఎదర ఏటా మాటలు? ఎల్లు," అని గణపతిరావు చెయ్యి విసిరాడు.

అప్పుడు బెంచీ మీద నుంచి అప్పలస్వామి లేచాడు.

"దొరా, తప్పు నాది. ఈడు నాకంటే మంచి కమ్మరి. నాను పడుకున్నప్పుడు మన కొలిమి పని సేసింది ఈడే. ఈడు సుత్తి పట్టుకుంటే నాకు సమ్మెటేసీవోడు ఉండడని నోరు మూసుకున్నాను. పదకొండేళ్ళు మూసుకున్నాను." తన చేతిసుత్తి, పిడి మీద బొటనవేలు అరగదీసిన గుంటతో సహా, జగ్గారావు ముందు పట్టాడు. "అందుకో."

విల్‌ఫ్రెడ్ దొర గడియారం చూశాడు. పొగతాగే పైపు జేబులో పెట్టుకున్నాడు. "ఠీక్ హై. ఏక్ హుక్ బనావ్. కప్లింగు హుక్."

జగ్గారావు ఎడమచేత్తో సుత్తి, కుడిచేత్తో పట్టకారు తీసుకుని మిస్త్రీ నిలబడే చోటికి వెళ్ళాడు. పదకొండేళ్ళుగా ఎదటి వైపు నుంచే చూసిన చోటు. నిలబడి చూస్తే, ఇనుముని ఆనించి వంచడానికి దాగలికి ఒక పక్క పొడుచుకొచ్చిన కొమ్ము తప్పు వైపు ఉంది. ఒంపు తిప్పాలంటే తన చెయ్యి తనకే అడ్డం వస్తుంది. ఎవరూ చూడని రోజుల్లో ఒళ్ళు మెలి తిప్పి ఎలాగో కానిచ్చేవాడు. ఈవేళ అలా చెయ్యబుద్ధి కాలేదు.

"సిన్నాన్నా, దాగలి తిప్పాలి," అన్నాడు అప్పలస్వామితో.

"సూసినారా దొరా? ఇదే నాను సెప్పేది," అన్నాడు గణపతిరావు. "ఈడొక్కడికోసం దాగలి..."

"తిప్పండ్రా," అన్నాడు అప్పలస్వామి.

ఆ దాగలిని ముప్ఫై ఏళ్ళుగా ఎవరూ కదపలేదు. అప్పలస్వామి దాని మీద టీ గ్లాసు కూడా పెట్టనిచ్చేవాడు కాదు. తీతు గడ్డపార తెచ్చాడు. పక్క కొలిముల నుంచి ఎవరూ పిలవకుండానే ఐదుగురు వచ్చారు. కాళ్ళు తన్నిపెట్టి, "ఐసా!" అని ఒక్కసారిగా ఎత్తి, అరచుట్టు తిప్పి, దిమ్మ మీద దింపారు. కొలిమి వైపు చూసే కొమ్ము గుమ్మం వైపుకి తిరిగింది. జగ్గారావు దాని మీద అరచెయ్యి వేసి ఊగుతుందేమో చూశాడు. ఊగలేదు.

ఇనుము పసుపుకి వచ్చింది. తీతు సమ్మెట తీసుకున్నాడు. రెండో సమ్మెట కోసం జగ్గారావు అటూ ఇటూ చూస్తుంటే అప్పలస్వామి చొక్కా విప్పి బెంచీ మీద పడేశాడు.

"నీకు నలతగా ఉంది సిన్నాన్నా."

"నీ పని నువ్వు సూసుకో. ఎక్కడ కొట్టాలో సెప్పు, కొడతాను."

జగ్గారావు కడ్డీని లాగి దాగలి మీద పెట్టి సుత్తితో తట్టాడు. తట్టినచోట తీతు సమ్మెట పడింది, దాని వెనకే అప్పలస్వామి సమ్మెట పడింది. ముసలి కండలు వణికాయి గాని చోటు తప్పలేదు. మెడ సన్నబడింది. భుజం నిలిచింది. కొమ్ము మీద ఆనించి జగ్గారావు ఎడమచేత్తో చిన్నచిన్న దెబ్బలు వేస్తూ ఒంపు తిప్పుతుంటే, ఇనుము వద్దనకుండా తిరిగింది. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ పెట్టాడు. అతనికి చుట్టూ ఎవరున్నారో తెలియలేదు. సుబ్బరాయుడు ఒక అడుగు ముందుకొచ్చి, నిప్పురవ్వలు లాల్చీ మీద పడుతున్నా కదలకుండా నిలబడ్డాడు. ఆ వేళ షాపులో తారని చూసినవాళ్ళు లేరు.

మూడోసారి కాల్చి కొట్టాక కొక్కెం నీళ్ళతొట్టిలో చుయ్యిమంది. విల్‌ఫ్రెడ్ దొర స్వయంగా కొలతలు పెట్టి చూశాడు. ఒకసారి కాదు, ఒంపు దగ్గర మూడుసార్లు. లేచి నిలబడి గణపతిరావుకేసి తిరిగాడు.

"గణపతీ. నామ్ లిఖో."

గణపతిరావు బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన మొహంలో కోపం లేదు, కొంచెం బెదురు ఉంది. తీతు పేరు కింద, గుమాస్తాల్లా తీర్చిన అక్షరాలతో, జగ్గారావు పేరు ఇంగ్లీషులో రాశాడు. రాసి కలం ఎత్తి పట్టుకున్నాడు.

"దొరగారూ, రాసినాను. కానీ బుధవారం ఎగ్జామినరు వొచ్చి, పుర్రసెయ్యోణ్ణి ఎందుకు పంపినారు, ముందు ఎందుకు సెప్పలేదంటే?"

దొర జవాబు చెప్పేలోగా జగ్గారావు బల్ల దగ్గరికి వచ్చాడు. సుత్తి ఇంకా ఎడమచేతిలోనే ఉంది. దాన్ని వెనక పెట్టుకోవాలని అతనికి తోచలేదు.

"ఆ మాట కూడా రాసీండి బాబూ. పేరు పక్కనే రాసీండి. ఆయనొచ్చీసరికి దాగలి తిప్పి ఉంచుతాం."

గణపతిరావు దొర వైపు చూశాడు. దొర తల ఊపాడు. పేరు పక్కన ఖాళీలో ఆయన రెండు మాటలు రాశాడు. జగ్గారావు వంగి ఆ ఇంగ్లీషు గీతల కేసి చూశాడు.

"ఏటని రాసినారు బాబూ?"

"లెఫ్ట్ హేండెడ్ అని. పుర్రసెయ్యి అనే."

"సిన్నగా రాసినారు," అన్నాడు జగ్గారావు. "పెద్దచ్చరాలతో రాసీండి."